ఉండ కట్టని పిండి

ఆ రోజుల్లో నాకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు. పిండిలో కట్టే ఉండలు.

నవ్వితే నవ్వండి. వారానికో రోజు పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా, పన్నెండు ఇళ్ళలో గడ్డకట్టిన పిండిని చేత్తో చిదిమి, వెచ్చబెట్టి, జల్లించి చూస్తే నా బాధ తెలుస్తుంది. నేను అలా మూడేళ్ళు చేశాను. ఇల్లు వదిలి హకీము దగ్గర చేరింది నాడి చూడడం నేర్చుకోవాలని. నేర్చుకున్నది జల్లెడ పట్టడం.

మా గురువుగారి పేరు బురహాన్ షా. నెల్లూరు సీమలో, సముద్రానికి దగ్గరగా, ఉప్పుటేటి గట్టున ఒక చిన్న దర్గా ఉండేది. దాని పక్కన తాటాకు కప్పిన రెండు గదుల ఇల్లు, ముందు ఒక పందిరి. ఆయన అక్కడే ఉండేవారు. ఫకీరూ ఆయనే, హకీమూ ఆయనే. చుట్టుపక్కల పాలేలలో జనానికి ఆ రెండు మాటలతోనూ పని లేదు. అందరూ ఆయన్ని పిండి సాహెబు అనేవాళ్ళు.

ఎందుకంటే ఆయన ఇచ్చే మందుల్లోకెల్లా పెద్ద మందు పిండే. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, వాటితో వేయించిన పెసలు, నువ్వులు, కాస్త జీలకర్ర కలిపి తిరగట్లో విసిరి, చివర్లో తాటిబెల్లం పొడి కలిపేవారు. ఎముకల్లో సత్తువ లేక నిలబడలేని పిల్లలకి, మూడేళ్ళొచ్చినా చంక దిగని పిల్లలకి ఆ పిండి. రెండు పూటలా నీళ్ళతో కలిపి ఇంత ముద్ద పెట్టమని తల్లులకి చెప్పేవారు. మందంటే పారిపోయే పిల్లలు కూడా ఆ ముద్ద కోసం చెయ్యి చాపేవాళ్ళు. తాటిబెల్లం మహిమ అది.

ఆ తాటిబెల్లమే నా కొంప ముంచింది. అసలే సముద్రపు గాలి, పక్కనే ఉప్పుటేటి చెమ్మ. గాలిలో ఉన్న తడినంతా ఆ బెల్లం పిలిచి మరీ పీల్చుకునేది. నాలుగు రోజులకి పిండి ఉండలు కట్టేది. వారానికి గడ్డయ్యేది. ఇంకా ఉంచితే బూజు పట్టేది. అందుకని ప్రతి బేస్తవారం తల్లులు ఒక చేత్తో పిండి కుండా, మరో చంకలో బిడ్డా పెట్టుకుని దర్గాకి వచ్చేవాళ్ళు. నేను ఆ గడ్డలు చిదిమి, ఇత్తడి పళ్ళెంలో పోసి, కుంపటి మీద తడి ఆరేదాకా తిప్పి, జల్లించి, తరిగినంత కొత్తపిండి కలిపి ఎవరి కుండ వాళ్ళకి ఇవ్వాలి. ఒక్కో బేస్తవారం పన్నెండు కుండలు.

ఇంతకీ మా గురువుగారు ఏం చేసేవారనుకున్నారు? పందిరి కింద చాప వేసుకుని పిల్లలతో ఆడుకునేవారు.

పటికబెల్లం పలుకొకటి వేళ్ళ మధ్య పట్టుకుని, "ఇంద, నడిచొచ్చి తీసుకో" అనేవారు. ఆ బిడ్డ తూలుతూ తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఆయన గడ్డం పట్టుకుని నిలబడేది. ఇంకొకడి కాలు ఒళ్ళో పెట్టుకుని, "ఇది కాలేనా, కొంగ దగ్గర అడిగి తెచ్చుకున్నావా?" అని ఆటపట్టించేవారు. ఇంకోదాని కంటి కింది రెప్ప లాగి వెక్కిరించేవారు. తల్లులేమో ఇంటి గొడవలన్నీ అక్కడ కుప్ప పోసేవాళ్ళు. వల తెగిన సంగతి, చేప పడని సంగతి, అత్త అన్నం దగ్గర సూటిపోటి మాటలన్న సంగతి. ఆయన అన్నీ వినేవారు. మధ్యమధ్య నావైపు తిరిగి, "పెంచలయ్యా, ఇంకా కాలేదా?" అనేవారు.

నాకు ఒళ్ళు మండేది. చేసేదంతా నేను, ఆడుకునేది ఈయన, పైగా ఈ మాట ఒకటి.

ఆ పన్నెండుమంది పిల్లల్లో పోలి ఒకతె. సముద్రం ఒడ్డు పాలెంలో నాగూరమ్మ కూతురు. మొదటిసారి తల్లి చంకలో వచ్చినప్పుడు దానికి మూడేళ్ళు నిండాయి. కాళ్ళు వంకీలు తిరిగి, కింద దింపితే కూలబడిపోయేది. ఎనిమిది నెలలు పిండి తిన్నాక, ఆ ఏడు చైత్రంలో ఒక బేస్తవారం, పందిరి గుంజ పట్టుకుని తనంతట తనే లేచి నిలబడింది. ఆ రోజు నేను జల్లెడ పక్కన పడేసి గంతులేశాను. అది నన్ను చూసి, "పిండి మామ ఎగరతా ఉండాడు" అని కిలకిలా నవ్వింది. అప్పటికి నాకు మీసమైనా సరిగ్గా మొలవలేదు, అప్పుడే మామనయ్యాను. అయినా నాకు ఆ పిల్లంటే ప్రాణం. దాని కుండలో పిండి అందరికన్నా మెత్తగా జల్లించేవాణ్ణి.

ఒక బేస్తవారం సాయంత్రం, అందరూ వెళ్ళాక, ఉండబట్టలేక అడిగేశాను.

"సాహెబూ, నాకు నాడి ఎప్పుడు నేర్పిస్తారు?"

"ఉండలు అయిపోయినాయా?"

"ఈ ఉండలు ఈ జన్మకి అయిపోయేవి కాదు సాహెబూ."

"అట్టయితే ఇంకా తొందరేముండాది?" అని దీపం ఒత్తి సరిచేసుకోవడానికి లేచారు.

అప్పుడే నిశ్చయించుకున్నాను. ఉండల సంగతి తేల్చకపోతే నాకు నాడి దక్కదు.

ఆ ఆషాఢంలో మా అమ్మకి జ్వరమంటే ఇంటికి వెళ్ళాను. మాది ఆల్చిప్పల గుల్ల కాల్చి సున్నం చేసే ఇల్లు. వారం రోజులుగా ముసురు. ఇంట్లో ఉప్పుకుండ నీరు కారుతోంది. బియ్యం చెయ్యి పెడితే అంటుకుంటున్నాయి. బట్టీ పక్కన పాకలో, కాల్చడానికి ముందు చిప్పలు కొట్టే చోట ఊరికే కూచుని, కింద పడిన చిప్పపొడి పిడికిట్లోకి తీసుకున్నాను. అది వేళ్ళ సందుల్లోంచి జరజరా జారిపోయింది. అంత ముసురులో కూడా ఒక్క ఉండ లేదు.

కాల్చిన సున్నం సంగతి కాదు నేను చెప్పేది. అది నోరు పొక్కిస్తుంది. ఇది కాల్చని పచ్చి చిప్ప పొడి. ఎముకలు నిలవడానికి ఆల్చిప్ప పొడి మా గురువుగారే ఎందరికో ఇవ్వడం నేను చూశాను. అంటే బిడ్డ ఎముకకి బలం, పిండిలో ఉండకి మందు, రెండూ ఒక్క చిటికెలోనే ఉన్నాయన్నమాట! నాకు కాలు నిలవలేదు. అమ్మ జ్వరం తగ్గిందో లేదో సరిగ్గా కనుక్కోకుండానే, మూటెడు ఆల్చిప్పలు ఏరుకుని దర్గాకి వచ్చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చిప్పల్ని పీచుతో తోమాను. నిమ్మరసం పిండిన నీళ్ళలో కాచాను. ఎండ దొరికిన పూటల్లా ఎండబెట్టాను. కల్వంలో వేసి పది రోజులు నూరాను. పలచటి గుడ్డలో జల్లిస్తే మొహానికి రాసుకునే పౌడరంత మెత్తటి పొడి దిగింది. మానెడు పిండికి రెండు చెంచాల లెక్కన కలిపి, ఒక చిన్న కుండలో పోసి, కావాలని నీళ్ళ కుండ పక్కనే పెట్టాను. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. మూత తీసి వంచితే పిండి ఇసకలా జారింది.

పరుగెత్తుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"చిప్ప" అన్నారు.

"అవును సాహెబూ. ఎముకలకి మంచిదని మీరే ఇస్తారు గదా."

"మంచిదే. దీన్ని ఎవురన్నా తిన్నారా?"

"ఇంకా ఎవరూ తినలేదు."

"అయితే ముందు మనం తిందాం."

నలభై రోజులు ఇద్దరం రెండు పూటలా అదే ముద్ద తిన్నాం. ఆయన రోజూ పొద్దున్నే నా నాలుక చూసేవారు, పొట్ట నొక్కి చూసేవారు, విరేచనం ఎలా అవుతోందో సిగ్గు లేకుండా అడిగేవారు. నలభై ఒకటో రోజున, "పిల్లోళ్ళకి రెండు చెంచాలొద్దు. ఒక్కటి చాలు. ఉండా కట్టదు, రుచీ చెడదు" అన్నారు. నా వీపు తట్టి, "బాగుండాదిరా పెంచలయ్యా" అన్నారు.

ఆ ఒక్క మాట కోసం మూడేళ్ళు కాచుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.

ఆశ్వయుజంలో వానలు దిగకముందే పన్నెండు రేకు డబ్బాలు సంపాదించి, మూడు నెలలకి సరిపడా పిండి నింపాను. బేస్తవారం తల్లులంతా వచ్చారు. ఆ రోజు నా వేషం చూడాలి. పందిరి మధ్యలో నిలబడి, గుప్పెడు పిండి పైకెత్తి, వేళ్ళ సందుల్లోంచి ధారగా జార్చాను. ఆడవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. ఒకావిడ, "మంత్రమేమన్నా వేసినావా అబ్బయ్యా?" అంది.

"మంత్రమూ లేదు, మాయా లేదు. ఎముకలకి బలమిచ్చే చిప్పపొడి కలిపా. ఇంక మూణ్ణెల్లు మీరు ఈ దోవన రానక్కర్లేదు. ఉండ కట్టదు, బూజు పట్టదు. ఎన్నాళ్ళు దాచినా చెడదు!" అన్నాను.

నాగూరమ్మ తన డబ్బాని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. పోలి ఆ డబ్బా మీద దరువు వేస్తూ పందిరంతా తిరిగింది. అప్పటికి అది గుంజ పట్టుకోకుండానే పది అడుగులు వేస్తోంది. మా గురువుగారు ఆ రోజు మాత్రం పిల్లలకి పటికబెల్లం ఒక్కో పలుకు కాకుండా రెండేసి ఇచ్చారు. ఎందుకో నాకు తట్టలేదు.

మొదటి బేస్తవారం హాయిగా నిద్రపోయాను. రెండో బేస్తవారం కుంపటి తోమి అటక మీద పెట్టాను. మూడో బేస్తవారం వాన పడుతోంది. ఆయన మామూలుగానే పందిరి కింద చాప వేసుకుని కూచున్నారు. పక్కన పళ్ళెంలో పటికబెల్లం. దానికి చీమలు పట్టాయి. ఇంతకన్నా మంచి సమయం దొరకదని వెళ్ళి ఎదురుగా కూచున్నాను.

"సాహెబూ, ఇప్పుడు నాకు పనేమీ లేదు. నాడి నేర్పిస్తారా?"

"దానికేం, నేర్పిస్తా. ఎవురిది చూస్తావు?"

అటూ ఇటూ చూశాను. పందిరి కింద ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. గబుక్కున నా చెయ్యే చాపాను.

"నీది కొవ్వెక్కిన నాడి. నాది కాటికి కాళ్ళు చాపిన నాడి. ఈ రెండూ చూసి ఏం నేర్చుకుంటావురా?" అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నిజం చెప్పనా? ఆ సరికి నాకు బేస్తవారాల మీద బెంగ పట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేని బెంగ. కుంపటి మీద వెచ్చబడే పిండి కమ్మటి వాసన లేదు. "నీ జల్లెడ చేత పట్టుకునొచ్చే పెళ్ళాం యాడుందో అబ్బయ్యా" అని నన్ను ఏడిపించే ఆడవాళ్ళు లేరు. పందిరి గుంజల చుట్టూ పిల్లల తొక్కిసలాట లేదు. దేన్ని చూస్తే ఒళ్ళు మండేదో దానికోసమే దారి వంక చూస్తూ కూచున్నాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. దుకాణాల్లో పిల్లల పిండి డబ్బాలు వరసగా ఉంటాయి. మూత తీసి వంచితే ఆ పొడి ఎంత ముచ్చటగా జారుతుందో! అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. మెచ్చుకుంటూనే, చేతిలో చిదిమిన ఆ తాటిబెల్లం గడ్డల కోసం మనసు కొట్టుకుంటుంది. ఏం చేసేది? వయసు అలాంటిది.

ఎనిమిదో బేస్తవారం వాన తెరిపి ఇచ్చింది. గురువుగారు కర్ర తీసుకుని లేచారు.

"పదరా, పోలిని చూసొద్దాం."

పాలెం అక్కడికి కోసున్నర దూరం. గట్టంతా బురద. ఆయనకి మోకాళ్ళ నొప్పి. నాలుగడుగులకోసారి ఆగేవారు. నేను పడుచువాణ్ణి, నాకే రెండుసార్లు కాలు జారింది. ఈ దారిలో ఒక చేత్తో కుండా, ఇంకో చంకలో బిడ్డా పెట్టుకుని ఆ ఆడవాళ్ళు ఎలా వచ్చేవాళ్ళో, మూడేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆలోచన రాలేదు.

నాగూరమ్మ గుడిసె ముందు ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, పైట సర్దుకుని, లోపల్నించి చాప తెచ్చి వేసింది. పోలి గుడిసె నీడలో కూచుని గవ్వలతో ఆడుతోంది.

"పోలీ! ఎవరొచ్చారో చూడు. రావే" అని చేతులు చాపాను.

అది నన్ను చూసి మొహమంతా నవ్వింది. రెండు చేతులూ నేలకి ఆనించింది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. కూచున్నది కూచున్నట్టే ఇసకలో డేకుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

దాని కాళ్ళ వంక చూసి, తల్లి వైపు తిరిగాను.

"ఏంది నాగూరమ్మా ఇది? పిండి పెడతా ఉండావా లేదా?"

"పెడతానే ఉండా అన్నా" అంటూ లోపలికి వెళ్ళి, అటక మీంచి డబ్బా దింపి తెచ్చింది. దానికి పాత చీర ముక్క చుట్టి, పైన తాడు కట్టి ఉంది. గబగబా తాడు విప్పి మూత తీశాను. రెండు వేళ్ళ మందం కూడా తగ్గలేదు. రెండు నెలల ముసురు దాటినా పిండి నేను నింపిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క ఉండ లేదు.

"ఇంత పిండి ఇంట్లో పెట్టుకుని బిడ్డని..." అని గొంతు పెంచాను. భుజం మీద చెయ్యి పడింది. గురువుగారిది. ఆయన నొక్కలేదు, ఊరికే వేసి ఉంచారు.

నాగూరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె నాతో కాదు, ఆయనతో చెప్పుకుంది.

"తిట్టొద్దని చెప్పు సామీ. ఆ గడ్డకట్టే పిండైతే బూజు పట్టిపోతాదని ఏ పూటదాపూట పెట్టేసేదాన్ని. ఇది ఎన్నాళ్ళు దాచినా చెడదని అన్న చెప్పినాడు గదా. తుపాను రోజులు. మొగోళ్ళు చేపల వేటకి పోక నెలయింది. ఇంకా చెడ్డ రోజులొస్తే బిడ్డకి ఆధారంగా ఉంటాదని దాచినా. మరీ ఏడిస్తే చిటికెడు తీసి నాలిక్కి రాస్తా ఉండా. నేను కూడా ముట్టుకోలేదు సామీ, ఒట్టు."

ఆ చివరి మాట వినలేకపోయాను. నా మాటే అది. పందిరి మధ్యలో నిలబడి, గుప్పెడు పిండి జార్చి చూపించి నేనన్న మాటని ఆమె నమ్మింది. దాచుకోవడానికి వీలున్నదాన్ని దాచుకుంది. అంతే.

"నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా" అన్నారు గురువుగారు. "కాసిన్ని మంచినీళ్ళు ఇయ్యి."

ఆయనే పళ్ళెంలో పిండి పోసి, నీళ్ళు చల్లి, కలిపి ముద్ద చేశారు. పోలిని ఒళ్ళో కూచోబెట్టుకుని కొంచెం కొంచెంగా పెట్టారు. అది ఆయన వేళ్ళు కూడా వదలకుండా చప్పరించింది. రెండో ముద్ద సగంలో ఉండగా ఆయన నావైపు చూశారు.

"పెంచలయ్యా, ఇట్రా. దాని ఎడమ చెయ్యి పట్టుకో."

దగ్గరికి వెళ్ళాను.

"బొటనవేలి కింద, మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టు. ఊఁ. దొరికిందా?"

"లేదు సాహెబూ."

"నొక్కబాక. వేళ్ళు పెట్టి ఊరికే ఉండు."

ఊరికే ఉన్నాను. అలలు విరిగే చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి వేళ్ళ కింద సన్నగా, తొందర తొందరగా ఏదో కదిలింది. ఇంత దారమంత ప్రాణం. నేను పట్టిన మొదటి నాడి అది. ఆ రోజు కోసం ఎన్ని కలలు కన్నానో! కొత్త పంచె కట్టుకుంటానని, అమ్మకి కబురు పెడతానని అనుకునేవాణ్ణి. తీరా అది చేతికి దొరికిన పూట, ఆ ముగ్గురి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పోలి పిండి చేత్తో నా చెంప మీద తట్టి, "ఏడవబాక మామా, నీకూ పెడతాడులే" అంది.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు నిలవదు. పోలి మళ్ళీ నిలబడింది. ఆ వేసవికి ఇసకలో పీతల వెంట పరుగులు తీసింది. కాళ్ళు కాస్త వంకరగానే ఉండిపోయాయి గానీ ఆ కాళ్ళతోనే ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుని తిరిగింది. కానీ ఆ మధ్యాహ్నం నాకు ఇవేమీ తెలియవు. తెలిసిందల్లా నా వేళ్ళ కింద ఆ దారం ఒక్కటే.

గుడిసె దాటి గట్టెక్కాక అన్నాను.

"సాహెబూ, రేపట్నుంచి చిప్పపొడి కలపను. పాత పిండే చేస్తాను."

ఆయన ఆగారు. "ఎందుకు?"

"ఉండలు కట్టనీండి. నేనే చిదుముతాను, ఎన్నేళ్ళయినా సరే. వాళ్ళు పిల్లల్ని తీసుకుని బేస్తవారం బేస్తవారం రానీండి."

"నీ పొడి మంచిదిరా. ఎముక్కీ మంచిదే, పిండికీ మంచిదే. అదేం పాపం చేసిందని దాన్ని తీసేస్తావు?"

ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఆయాసం తీర్చుకుని, మేం వచ్చిన బురద దారి వంక చూశారు.

"ఇన్నాళ్ళూ ఆ ఉండలే తల్లుల్ని మన దగ్గరికి నడిపించినాయి, వారం వారం బిడ్డల కాళ్ళూ కళ్ళూ మనకి చూపించినాయి. వాటి పీడ నువ్వు వదిలించినావు. మంచి పనే చేసినావు. ఇంక నడిచేది నువ్వు."

అంత మాత్రం చెప్పి ఆయన దర్గా దారి పట్టారు. మూడేళ్ళ అలవాటు కదా, తల వంచుకుని ఆయన వెనకాలే నడవబోయాను. పదడుగులు వేశానో లేదో, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"నా వెంట యాడికిరా? మిగతా బిడ్డల్ని ఎవురు చూస్తారు?"